యాప్‌లో గ్రీన్.. స్టేషన్‌లో రెడ్!

"ఒరేయ్, నీ ఫోన్‌లో ఇక్కడ గ్రీన్ చూపిస్తోందా, రెడ్ చూపిస్తోందా? ఒక్కసారి చూసి చెప్పు."

2025 మే నెల. మధ్యాహ్నం ఒంటిగంటన్నర. హైదరాబాద్‌లో మా ఆఫీసు క్యాంటీన్‌లో పెరుగన్నం కలుపుకుంటుంటే మా అన్నయ్య ఫోన్ చేశాడు. అన్నయ్యంటే మా పెద్దమ్మ కొడుకు. ఉత్తరాంధ్రలో డ్రోన్ సర్వేలు చేస్తాడు. లేఅవుట్లు, క్వారీలు, చెరువులు.. పైనుంచి ఫొటోలు తీసి, కొలతలతో మ్యాపులు తయారుచేసి ఇస్తాడు.

లొకేషన్ పంపమన్నాను. డిజిటల్ స్కై మ్యాప్ తెరిచి చూశాను. పచ్చగా ఉంది.

"గ్రీనే అన్నయ్యా. 400 అడుగుల దాకా ఎవరి పర్మిషనూ అక్కర్లేదు."

"ఆ ముక్కేదో ఎస్సైగారికి చెప్పు" అని ఫోన్ ఆయన చేతికిచ్చేశాడు.

ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "బాబూ, మీ యాప్ సంగతి నాకు తెలీదు. నాకు ఆర్డరొచ్చింది. నెల రోజులు డ్రోన్లు ఎగరకూడదు. మా గ్రూపులో పెట్టారు, కావాలంటే మీ అన్నకి ఫార్వర్డ్ చేస్తాను."

"మరి ఆ ఆర్డర్ మ్యాప్‌లో లేదు కదా సార్?"

"మ్యాప్‌లో పెట్టడం నా పని కాదు కదా బాబూ."

ఆయన అన్నదాంట్లో తప్పేముంది? డ్రోన్ పెట్టె సాయంత్రం దాకా స్టేషన్‌లో ఉంది. కేసేమీ పెట్టలేదు, సంతకం తీసుకుని ఇచ్చేశారు. కానీ ఆ నెలకి ఒప్పుకున్న నాలుగు పనులూ పోయాయి. తీసుకున్న అడ్వాన్సులు తిరిగిచ్చేశాడు. డ్రోన్ మీద బ్యాంకు లోన్ ఉంది. ఈఎంఐకి రెడ్ జోన్, గ్రీన్ జోన్ ఉండవు కదా, ఐదో తారీఖు రాగానే కట్ అయిపోయింది.

ఈ కథ నేనెందుకు చెబుతున్నానంటే, మా అన్నయ్య డ్రోన్‌లో నడిచే సాఫ్ట్‌వేర్‌లో కొంత భాగం రాసింది మా టీమే. ఆ సంగతి దగ్గరికి తర్వాత వస్తాను.

మూడు రంగుల ఆకాశం

డ్రోన్ కొనాలనో, ఆ లైన్‌లో ఉద్యోగం చూసుకోవాలనో అనుకునేవాళ్లు మీలో చాలామందే ఉంటారు. ముందు ఈ రంగుల లెక్క తెలుసుకోండి.

2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం దేశం మీద ఆకాశాన్ని మూడు రంగుల్లో పంచారు. గ్రీన్‌లో 400 అడుగులు, అంటే 120 మీటర్ల ఎత్తు దాకా ఎవరినీ అడగక్కర్లేదు. యెల్లోలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. రెడ్‌లో కేంద్ర ప్రభుత్వం ఒప్పుకుంటే తప్ప ఎగరేయకూడదు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కిలోమీటర్లు దాటాక 12 కిలోమీటర్ల లోపు ఉన్న పట్టీలో మాత్రం 200 అడుగుల దాకా గ్రీన్, ఆపైన యెల్లో. 200 అడుగులంటే 60 మీటర్లు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీంతో పని పడుతుంది.

2021 సెప్టెంబరులో మ్యాప్ విడుదల చేసినప్పుడు దేశంలో దాదాపు 90 శాతం ఆకాశం గ్రీనేనని ప్రభుత్వం చెప్పింది. వినడానికి బాగానే ఉంది. కానీ పనులిచ్చే కస్టమర్లు ఎక్కడుంటారు? అడవుల మీదా, కొండల మీదా కాదు కదా. నగరాల్లో ఉంటారు. నగరమంటే ఎయిర్‌పోర్టు, కంటోన్మెంటు, రక్షణ సంస్థలు. హైదరాబాదే చూడండి. బేగంపేట, హకీంపేట, దుండిగల్ వైమానిక దళానివి. కంచన్‌బాగ్ వైపు వెళితే డీఆర్‌డీవో ల్యాబులు. సికింద్రాబాద్ కంటోన్మెంట్ సంగతి సరేసరి. శంషాబాద్ ఒక్కటే పూర్తిగా మన పౌర విమానాలది.

విశాఖ ఇంకా చిత్రం. అక్కడ మనం విమానం దిగే రన్‌వే నౌకాదళానిది. దాని పేరు ఐఎన్‌ఎస్ డేగ. ఊరి నడిబొడ్డున తూర్పు నౌకాదళ కమాండ్. నౌకాదళ స్థావరాల ప్రహరీ నుంచి 3 కిలోమీటర్ల లోపు అనుమతి లేకుండా ఏ డ్రోన్ ఎగిరినా కూల్చేస్తాం లేదా స్వాధీనం చేసుకుంటాం అని 2021 జులైలోనే నౌకాదళం ప్రకటించింది. బీచ్ రోడ్డులో ప్రీవెడ్డింగ్ షూట్ అని అడ్వాన్స్ తీసుకునే కుర్రాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో నాకు అనుమానమే.

పల్లెటూళ్లలో ఈ గొడవ ఉండదనుకుంటే పొరపాటు. గన్నవరం ఎయిర్‌పోర్టు చుట్టూ ఏముంది? వరి. మందు కొట్టే డ్రోన్ పైరు మీద రెండు మూడు మీటర్ల ఎత్తులో పోతుంది. తాటిచెట్టులో సగం కూడా దాటదు. అయినా ఆ రైతు పొలం ఎయిర్‌పోర్టు దగ్గరి రంగులో పడితే, ఆ రెండు మీటర్లకీ పర్మిషన్ కావాలి. డ్రోన్ ఎంత ఎత్తులో ఎగురుతోందో అవతలివాళ్లకి నమ్మకంగా తెలిసే ఏర్పాటు లేనప్పుడు, వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

జమ్మూ తర్వాత రెండు నెలలకి

మన దేశంలో డ్రోన్ల కథ మొదలైందే నిషేధంతో. 2014 అక్టోబరులో డీజీసీఏ పౌరులెవరూ డ్రోన్లు ఎగరేయొద్దని చెప్పేసింది. 2018లో నిబంధనలిచ్చి తలుపు కొంచెం తీశారు. 2021 మార్చిలో మరో రూల్స్ పుస్తకం వచ్చింది, దాన్నిండా ఫారాలే. కంపెనీలవాళ్లు గోల పెట్టారు.

ఆ గోల నడుస్తుండగానే, 2021 జూన్ 27 తెల్లవారుజామున జమ్మూ ఎయిర్ ఫోర్స్ స్టేషన్ మీద డ్రోన్లతో బాంబులేశారు. మన దేశంలో సైనిక స్థావరం మీద డ్రోన్ దాడి అదే మొదలు. దాంతో డ్రోన్ వ్యాపారాలకి మళ్లీ తాళం పడుతుందనే అందరూ అనుకున్నారు. జరిగింది మాత్రం వేరు. రెండు నెలలు తిరక్కుండానే, ఆగస్టులో, ఇప్పుడున్న డ్రోన్ నిబంధనలు వచ్చాయి. 25 ఫారాలు 5 అయ్యాయి. 72 రకాల ఫీజులు 4కి దిగాయి. ఎయిర్‌పోర్టు చుట్టూ యెల్లో జోన్ 45 కిలోమీటర్ల నుంచి 12కి తగ్గింది. ఈ విషయంలో ప్రభుత్వాన్ని మెచ్చుకోవాల్సిందే. భయపడి మూసెయ్యకుండా, భయపడుతూనే తెరిచారు.

మా అన్నయ్య ఈ లైన్‌లోకి దిగింది ఆ ధైర్యంతోనే. అంతకుముందు ఓ సర్వే ఆఫీసులో టోటల్ స్టేషన్ మోసుకుని ఎండలో తిరిగేవాడు. శిక్షణ తీసుకుని రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. పద్దెనిమిదేళ్లు నిండి, పది పాసైతే చాలు, ఎవరైనా ఈ శిక్షణలో చేరొచ్చు. తర్వాత ఇండియాలో తయారైన, టైప్ సర్టిఫికెట్ ఉన్న డ్రోనే కొన్నాడు. దానికి విశిష్ట గుర్తింపు నంబరు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, అన్నీ పక్కాగా. మోటార్ సైకిల్‌కి పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా తీసుకోని మనిషి, డ్రోన్‌కి మాత్రం ఒక ఫైలు పెట్టుకుని తిరుగుతాడు.

నిబంధనలు ఇంత తేలికయ్యాక మరి ఎస్సైగారి నెల రోజుల ఆర్డర్ ఎక్కడి నుంచి వచ్చింది? అసలు మెలిక ఇక్కడే ఉంది.

డ్రోన్ నిబంధనల్లో తాత్కాలిక రెడ్ జోన్ అని ఒకటుంది. అత్యవసరమైతే రాష్ట్ర ప్రభుత్వమో పోలీసులో ఒక ప్రాంతాన్ని రెడ్ చేయొచ్చు. ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ఆ ఆర్డర్ ఇవ్వాలి. ఒకసారికి 96 గంటలు మించకూడదు. డిజిటల్ స్కైలో ప్రకటించి, మ్యాప్ మీద చూపించాలి. చక్కటి ఏర్పాటు. నాలాంటి సాఫ్ట్‌వేర్‌వాడికి ఇంతకంటే ఏం కావాలి? మ్యాప్ మారితే యాప్ దానంతటదే మారుతుంది.

కానీ పోలీసుల దగ్గర ఇంకో తాళంచెవి ఉంది. పాత 144 సెక్షన్, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163. దాని కింద ఆర్డర్ వేస్తే రెండు నెలల దాకా నడుస్తుంది. మ్యాప్‌లో పెట్టాలన్న షరతు అందులో లేదు. పేపర్ మీద సంతకం పడి, వాట్సాప్‌లో తిరిగితే చాలు. రిపబ్లిక్ డేకో, ఏ వీఐపీ పర్యటనకో ఇలాంటివి వస్తూనే ఉంటాయి. అంటే ఒకే ఆకాశానికి రెండు చట్టాలు. ఒకటి యాప్‌లో కనిపిస్తుంది, రెండోది స్టేషన్‌కెళ్తే గానీ తెలీదు.

2025 మేలో జరిగిందదే. ఆపరేషన్ సిందూర్ రోజులవి. మే 8 రాత్రి ఒక్కరోజే పాకిస్తాన్ 36 చోట్ల 300 నుంచి 400 డ్రోన్లు ప్రయోగించిందని మన సైన్యం చెప్పింది. ముంబైలో పోలీసులు జూన్ 9 దాకా, అంటే దాదాపు నెల రోజులు, డ్రోన్లు నిషేధించారు. హైదరాబాద్‌లో బాణసంచా కాల్చొద్దన్నారు, పేలుడు శబ్దాలకి జనం హడలిపోతారని. అలాంటి టైమ్‌లో డ్రోన్ ఆపమనడం తప్పని నేను అనను, మా అన్నయ్యా అనలేదు. కింద నిలబడి తల పైకెత్తి చూసే సెంట్రీకి ఆ చుక్క పెళ్లిదో, పొలందో, శత్రువుదో ఎలా తెలుస్తుంది?

అన్నయ్య బాధ వేరు. "ఆపమంటే ఆపుతానురా. కానీ పొద్దున్నే ఇద్దరు కుర్రాళ్లకి కూలిచ్చి, బండి మాట్లాడుకుని, అరవై కిలోమీటర్లెళ్లి, గ్రౌండ్ మార్కులేసుకున్నాక చెబితే ఏటి సెయ్యమంటావ్?" అన్నాడు. కోపమొస్తే వాడికి యాస వచ్చేస్తుంది.

ఇదే ఆకాశం ప్రభుత్వానికి అవసరమైనప్పుడు ఎలా తెరుచుకుంటుందో కూడా చూశాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు, మేడల మీద చిక్కుకున్నవాళ్లకి డ్రోన్లే అన్నం పొట్లాలు, మందులు మోశాయి. తర్వాతి నెల అమరావతి డ్రోన్ సదస్సు పెట్టి, పున్నమి ఘాట్ దగ్గర 5,500 డ్రోన్లతో షో చేశారు. అన్నయ్య రైలెక్కి వెళ్లి మరీ చూసొచ్చాడు. పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు మా శ్రీకాకుళం వైపు మనిషే. ఇక మన రోజులొచ్చినట్టేరా అని ఆ రాత్రి రైల్లోంచి నాకు మెసేజ్ పెట్టాడు.

249 గ్రాముల కిటుకు

రక్షణ అవసరాల దెబ్బ ఆకాశంలోనే కాదు, డ్రోన్ లోపల కూడా ఉంటుంది.

2022 ఫిబ్రవరి 9న కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. పరిశోధనకి, రక్షణకి, భద్రతకి మినహాయింపు. విడిభాగాలు తెచ్చుకోవచ్చు. పేరు చెప్పకపోయినా దెబ్బ ఎవరికో అందరికీ తెలుసు. చైనా కంపెనీ డీజేఐకి. దేశీయ కంపెనీలు పెరగాలి, సరిహద్దు అవతలివాడి కెమెరా మన నెత్తి మీద తిరక్కూడదు. రెండు ఉద్దేశాలూ సబబైనవే.

కానీ పెళ్లి వీడియోలు తీసేవాళ్లని అడగండి, చేతిలో ఏముందో. చాలామంది దగ్గర ఆ కంపెనీ బుల్లి డ్రోనే. బరువు 249 గ్రాములు. 250 గ్రాముల దాకా నానో కింద లెక్క కాబట్టి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ మాత్రం కావాలి, ఆ మాట ఎవరికీ గుర్తుండదు. దిగుమతే నిషేధమైతే కొత్త మోడళ్లు ఎలా వస్తున్నాయని అడిగితే నవ్వి ఊరుకుంటారు. నిబంధన మీరితే లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. అయినా పెళ్లికొచ్చిన ఏ ఎస్సై మాత్రం తాళి కట్టే టైమ్‌లో డ్రోన్ దించమంటాడు చెప్పండి?

కాబట్టి లెక్క ఇలా తేలింది. దొంగచాటు డ్రోన్ జేబులో పట్టేస్తుంది, ఎవరికీ దొరకదు. రూల్ ప్రకారం కొన్నది పెట్టెలో వస్తుంది, పక్కన ఫైలు కూడా ఉంటుంది, అందుకే అందరికీ అదే కనిపిస్తుంది. ధర చూస్తే దానికీ దీనికీ పోలికే లేదు. 2025 సెప్టెంబరులో డ్రోన్ల మీద జీఎస్టీని అన్నిటికీ 5 శాతం చేశారు. మంచిదే. అప్పటికే కొనేసినవాళ్లకి ఒరిగిందేమీ లేదు.

ఇండియాలో తయారైనదంటున్నాం గానీ, లోపల మోటార్లు, బ్యాటరీ సెల్స్ ఎక్కడివి? చాలావరకు చైనావే. 2025 ఫిబ్రవరిలో సైన్యం 400 డ్రోన్ల కాంట్రాక్టులు రద్దు చేసింది. విలువ దాదాపు 230 కోట్లు. కారణం, వాటిలో చైనా భాగాలుండటం. అదే ఏడాది ఏప్రిల్‌లో చైనా తనవైపు నుంచి అరుదైన ఖనిజాల మీద, వాటితో చేసే అయస్కాంతాల మీద ఎగుమతి ఆంక్షలు పెట్టింది. డ్రోన్ మోటారు తిరిగేదే అయస్కాంతాల మీద. అంటే వాళ్ల సరుకు వాడొద్దని మనం, మా సరుకు ఇవ్వమని వాళ్లు. ఇద్దరి కారణమూ దేశ భద్రతే. మధ్యలో స్పేర్ మోటారు కోసం మూడు వారాలు ఎదురుచూసింది మా అన్నయ్య.

మా ఆఫీసు సంగతి

ఇప్పుడు నా సంగతి. నేను ఇంజనీరింగ్ అయ్యాక రెండు కంపెనీలు మారి, డ్రోన్ సాఫ్ట్‌వేర్ రాసే ఒక కంపెనీలో చేరాను. పేరు చెప్పను, చెప్పకూడదని సంతకం కూడా పెట్టాను. చేరినప్పుడు మా పనంతా పొలాలు, లేఅవుట్లు, సోలార్ ప్యానెళ్లు. డ్రోన్ ఏ దారిలో పోవాలి, ఎన్ని ఫొటోలు తియ్యాలి, బ్యాటరీ తగ్గితే ఎక్కడ దిగాలి, ఇదీ మా ప్రపంచం. అన్నయ్య డ్రోన్ కొనేటప్పుడు, మా కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్నది తీసుకోమని సలహా ఇచ్చింది నేనే.

ఆపరేషన్ సిందూర్ తర్వాత ఈ రంగంలో డబ్బు దిశ మారిపోయింది. పొలం డ్రోన్ కొనేవాడు పది రోజులు బేరమాడి, సబ్సిడీ ఎప్పుడొస్తుందని అడుగుతాడు. రక్షణ ఆర్డరొస్తే ఒక్క సంతకంతో ఏడాది గడిచిపోతుంది. ఏ కంపెనీ అయినా ఎటు వెళ్తుంది? మా టీమ్‌లో పదకొండు మందిమి ఉండేవాళ్లం. అందులో తొమ్మిదిమందిని ఆ పనిలో వేశారు. నేనూ ఉన్నాను. జీతం పెరిగింది, దాచడమెందుకు.

పని పెద్దగా మారలేదు, అదే వింత. జీపీఎస్ పోతే డ్రోన్ ఏం చెయ్యాలి? ఇదివరకు చెట్ల చాటుకి వెళితే సిగ్నల్ పోయేది, దానికి రాశాం. ఇప్పుడు శత్రువు జామర్ వేస్తే పోతుంది, దానికీ రాస్తున్నాం. జీపీఎస్ లేకపోతే మామూలు డ్రోన్‌కి తానెక్కడున్నానో తెలీదు. గాలి పీడనం కొలిచే సెన్సర్‌తో ఎత్తు నిలుపుకుంటుంది గానీ గాలి ఎటు తోస్తే అటు జారుతుంది. పొలంలో అయితే పక్క చేలో పడుతుంది, తెచ్చుకుంటాం. అక్కడ అలా కుదరదు. ఈ గీత ఎంత పల్చనో చెప్పడానికి ఒక ఉదాహరణ. ఆర్డుపైలట్ అని ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది. డ్రోన్ ప్రాజెక్టు చేసిన ఇంజనీరింగ్ కుర్రాళ్లలో చాలామందికి పరిచయమే. 2025 జూన్ 1న రష్యా వైమానిక స్థావరాల మీద ఉక్రెయిన్ చేసిన దాడిలో కనిపించింది అదేనని, దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన క్రిస్ ఆండర్సనే గుర్తుపట్టి ఆశ్చర్యపోయాడు.

సరే, ఆ 60 మీటర్ల దగ్గరికి వద్దాం. మా సాఫ్ట్‌వేర్‌లో ఒక లోపం ఉంది. రిమోట్‌తో సంబంధం తెగితే డ్రోన్ తనంతట తాను బయల్దేరిన చోటికి రావాలి. దారిలో చెట్లూ సెల్ టవర్లూ తగలకుండా ముందు కొంత ఎత్తుకి లేస్తుంది. మేం ఆ ఎత్తు 70 మీటర్లని పెట్టేశాం. పొలాల్లో మంచిదే. కానీ ఎయిర్‌పోర్టుకి 8 నుంచి 12 కిలోమీటర్ల పట్టీలో గ్రీన్ 60 మీటర్ల దాకానే. అక్కడ అన్నయ్య బుద్ధిగా 50 మీటర్లలో ఎగరేస్తున్నా, ఒక్క క్షణం సిగ్నల్ పోతే డ్రోన్ సొంతంగా 70కి లేచి యెల్లోలోకి వెళ్లిపోతుంది. ఆ సెట్టింగ్ మార్చుకునే ఆప్షన్ ఆపరేటర్ యాప్‌లో లేదు. విశాఖ చుట్టుపక్కల అన్నయ్యకొచ్చే పనుల్లో సగం ఆ పట్టీలోవే.

కిందటేడాది జూన్‌లో అన్నయ్య కంప్లయింట్ పెట్టాడు. టికెట్ నంబరొచ్చింది. నేను చూశాను. ప్రయారిటీ 3 వేశారు. మా దగ్గర 3 అంటే, ఎవరికైనా ఖాళీ ఉంటే. ఎవరికీ ఖాళీ లేదు. వారం వారం మీటింగ్‌లో ఆ టికెట్ తెర మీదకొస్తుంది, రక్షణ ట్రయల్ తేదీలు ముందున్నాయి కాబట్టి పక్కకి జరుపుతారు. మొదట్లో ఒకటి రెండుసార్లు నోరు విప్పాను. తర్వాత నేనూ తలూపడం మొదలుపెట్టాను.

రెండు గంటల పని అది. ఒక ఆదివారం ఇంట్లో కూర్చుని సరిచేసి, పరీక్షించి కూడా చూశాను. బాగానే నడిచింది. కానీ అన్నయ్యకి ఇవ్వలేను. టైప్ సర్టిఫికెట్ ఉన్న డ్రోన్‌లో ఎవరికి తోచినట్టు వాళ్లు సాఫ్ట్‌వేర్ మారిస్తే ఆ సర్టిఫికెట్‌కి అర్థమే ఉండదు. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ కూడా రాదు. అన్నీ పక్కాగా ఉండాలనుకునే మనిషికి నేనే దొంగ సాఫ్ట్‌వేర్ ఎక్కించాలా?

అసలు దీనికి మందు పాత పుస్తకంలోనే ఉంది. నో పర్మిషన్ నో టేకాఫ్ అంటారు. అనుమతి లేకపోతే డ్రోన్ మోటార్లే తిరగవు. దానికి తోడు, నేను ఫలానా, ఫలానా ఎత్తులో ఉన్నాను అని ఎప్పటికప్పుడు చెప్పే ట్రాకింగ్ బీకన్. 2021 నిబంధనల్లో ఇవన్నీ మున్ముందు తప్పనిసరి చేయగలిగేవి అన్న జాబితాలో ఉన్నాయి. తప్పనిసరి చేస్తే అమలుకి కనీసం ఆరు నెలల గడువిస్తామనీ రాశారు. అవి నిజంగా వస్తే సెంట్రీకి ఆ చుక్క ఎవరిదో ఫోన్‌లో తెలుస్తుంది, పోలీసు ఆర్డర్ కూడా మ్యాప్ మీదకే రావాల్సి వస్తుంది. 2025 సెప్టెంబరులో కేంద్రం ఒక డ్రోన్ బిల్లు ముసాయిదా బయటపెట్టింది. అందులో జైలుశిక్షల మాట చూసి మా లైన్‌లోవాళ్లు ఉలిక్కిపడ్డారు. శిక్షల కంటే ముందు ఆ బీకన్ సంగతి తేల్చి ఉంటే బాగుండేదని నాకనిపించింది. నేను సాఫ్ట్‌వేర్‌వాణ్ని కదా, నాకలాగే అనిపిస్తుందిలెండి.

ఈలోగా అన్నయ్య సొంతంగా ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పని ఒప్పుకున్న రోజే, ఆ ఊరు ఏ స్టేషన్ కిందకొస్తుందో కనుక్కుని, ఫైలు పట్టుకుని వెళ్తాడు. సర్టిఫికెట్లు, ఇన్సూరెన్స్, మ్యాప్ ప్రింటవుట్, లేఅవుట్ ఓనర్ లెటర్. "సార్, ఎల్లుండి ఇక్కడ గంటసేపు ఎగరేస్తాను, మీ దగ్గర ఆర్డరేమైనా ఉందా?" అని అడుగుతాడు. చట్టప్రకారం గ్రీన్ జోన్‌లో ఇది అవసరం లేదు. దీనికి అరపూట పోతుంది. కొన్ని స్టేషన్లలో టీ ఇచ్చి పంపుతారు. కొన్నిచోట్ల, ఎందుకొచ్చిన గొడవ, ఎగరేయకు అంటారు. అడగకపోతే ఇబ్బంది లేదు గానీ, అడిగితే ఎవరూ సరేనని బాధ్యత నెత్తినేసుకోరు. అలా పోయిన పనులు రెండున్నాయి.

సంక్రాంతికి ఊరెళ్లాను. భోగి రోజు పొద్దున్న మా వీధి చివర ముగ్గుల పోటీ. ఆడవాళ్లు వంగి చుక్కలు పెడుతుంటే పైన జుయ్యిమని చిన్న చప్పుడు. ఎవరో కుర్రాడు బుల్లి డ్రోన్‌తో రీల్ తీస్తున్నాడు. పిల్లలు దాని నీడ వెంట పరిగెడుతున్నారు. మా ఊరు కూడా ఆ 60 మీటర్ల పట్టీలోనే ఉంది.

నేనూ అన్నయ్యా మేడ మీద నిలబడి చూస్తున్నాం. వాడు కళ్లు చికిలించి పైకి చూశాడు.

"ఎంత ఎత్తులో ఉంటుందంటావ్?" అన్నాను.

"తొంభై ఉంటుంది. గాలి కూడా బాగానే ఉంది, అయినా ఎంత స్టడీగా నిలబెట్టాడో చూడు" అన్నాడు. పనివాడు పనివాణ్ని మెచ్చుకున్నట్టే అన్నాడు.

కాసేపాగి, నావైపు తిరక్కుండానే అడిగాడు. "మన టికెట్ ఏవైందిరా?"

"వచ్చే స్ప్రింట్‌లో ఉంటుందన్నయ్యా" అన్నాను.

"కిందటిసారీ అదే అన్నావ్" అని మెట్లు దిగి కిందకెళ్లిపోయాడు.